అటక మీది కంప్యూటర్‌కు వైరేద్దాం
కోటగిరి మండల ప్రజలకు విజ్ఞప్తి

బట్ట కప్పి మూలన పెట్టిన డెస్క్‌టాప్ మనలో చాలా ఇళ్లలో ఉంది. పెద్దపిల్ల డిగ్రీలో ఉన్నప్పుడు కొన్నది. వైఫై లేదు కాబట్టి ‘దానికి నెట్ రాదు’ అని వదిలేశాం. అదే ఇంట్లో నెలనెలా రెండు మూడు ఫోన్లకు రీచార్జి చేస్తున్నాం. చిన్నోడు మాత్రం డిగ్రీ ప్రవేశాల సైటు దోస్త్‌లో కాలేజీ ఆప్షన్లు అరచేయంత తెర మీద పెట్టుకుంటూ ఒకటి నొక్కబోయి ఇంకోటి నొక్కుతాడు. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతబడ్డాక మన పిల్లల చూపంతా బయటి ఉద్యోగాల మీదే. ఆ దరఖాస్తులన్నీ ఆన్‌లైన్‌లోనే.

మేం చెప్పేది ఒక్కటే. కొత్త కంప్యూటర్ వద్దు, రెండో కనెక్షన్ వద్దు. ఫోన్‌కో లాప్‌టాప్‌కో గాలిలో వస్తున్న నెట్‌నే వైరు మీద పాత కంప్యూటర్‌కు మళ్లిద్దాం.

ఒక్క కంప్యూటరే ఉంటే చార్జింగ్ వైరు చాలు. ఫోన్‌ను సీపీయూకు తగిలించి, హాట్‌స్పాట్ సెట్టింగుల్లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. ఫోన్ వైఫైలో ఉంటే ఆ వైఫై నెట్టే కంప్యూటర్‌కు పోతుంది. కొన్ని చౌక వైర్లు చార్జింగ్‌కే తప్ప డేటాకు పనికిరావు. నెట్ రాకపోతే కంప్యూటర్‌ను తిట్టే ముందు వైరు మార్చి చూడండి.

లాప్‌టాప్ ఉంటే ఇంకా మేలు. విండోస్‌లో నెట్ పంచే సౌకర్యం 1999లో వచ్చిన 98 సెకండ్ ఎడిషన్ నాటి నుంచే ఉంది, వాడుకున్నవాళ్లే తక్కువ. స్టార్ట్‌లో ‘ఎన్‌సీపీఏ.సీపీఎల్’ అని ఇంగ్లిష్‌లో కొట్టండి. వైఫై మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో షేరింగ్ తెరిచి, మొదటి గడిలో టిక్ పెట్టి ఈథర్‌నెట్‌ను ఎంచుకోండి. ల్యాన్ వైరు అటూ ఇటూ గుచ్చితే పాత కంప్యూటర్‌కు 192.168.137తో మొదలయ్యే అడ్రసు దానంతటదే వస్తుంది. రూటర్‌కు కనిపించేది లాప్‌టాప్ ఒక్కటే, దాని వెనకున్న కంప్యూటర్ సంగతి లాప్‌టాపే చూసుకుంటుంది. రెండు మూడు కంప్యూటర్లుంటే మధ్యలో ఐదు పోర్టుల స్విచ్ పెట్టండి. లాప్‌టాప్ ఆపి మళ్లీ వేశాక నెట్ రాకపోతే టిక్ తీసి మళ్లీ పెడితే వస్తుంది.

ఫోన్ డేటా వాడేవాళ్లు పాత కంప్యూటర్‌లో ‘మీటర్డ్ కనెక్షన్’ ఆన్ చేయడం మరవొద్దు. లేదంటే విండోస్ అప్‌డేట్లే ఆ రోజు డేటానంతా మింగేస్తాయి.

పాత కంప్యూటర్‌కు నెట్ ఇస్తే ప్రమాదం కదా అంటారు. నిజమే. విండోస్ 7కు 2020 జనవరిలో, విండోస్ 10కి 2025 అక్టోబరులో మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి. అలాంటివాటిలో బ్యాంకు పనులు చేయొద్దు. వీలైతే విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ వేయించండి. హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థవాళ్లు దాన్ని తెలుగులోనే తయారుచేశారు కూడా.

వైరును పక్కింటికి మాత్రం లాగొద్దు. ఆరుబయట వేలాడే వైరు పిడుగుల కాలంలో రెండిళ్ల కంప్యూటర్లకూ చేటు. పైగా ఇంటి కనెక్షన్‌ను ఇరుగుపొరుగుకు అమ్మడం ఒప్పందానికి విరుద్ధం. దుకాణదారులు వైఫై అమ్మాలనుకుంటే అందుకు పీఎం-వాణి పథకం ఉంది. 2020 డిసెంబరులో కేంద్రం ఆమోదించింది, కిరాణా కొట్టుకు లైసెన్సు కూడా అక్కర్లేదు.

సర్కారువారి టీ-ఫైబర్ నెట్ వస్తుంది కదా, అప్పటిదాకా ఆగుదాం అనేవాళ్లూ ఉన్నారు. ఇళ్లకు ఆ నెట్ 2024 డిసెంబరులో సంగుపేట, మద్దూరు, అడవి శ్రీరాంపూర్‌లలో ప్రయోగంగా మొదలైంది. రానీయండి, సంతోషమే. అది వచ్చినా వైఫై లేని కంప్యూటర్‌కు వైరే దిక్కు.

ఇక పంచాయతీలను అడిగేది. ఊరికో క్రింపింగ్ ప్లయర్, ఒక టెస్టర్, 305 మీటర్ల ల్యాన్ కేబుల్ పెట్టె కొనండి. కొసలకు క్లిప్పు వేయడం ఇంటర్ పిల్లలు ఒక పూటలో నేర్చుకుంటారు. క్లిప్పు నాలుక కిందికి ఉండేలా పట్టుకుంటే ఎడమ నుంచి వరుస ఇది: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. రెండు కొసలకూ ఇదే వరుస. సర్కారు బడుల్లో నెట్ లేక మూలపడ్డ కంప్యూటర్లుంటే మొదటి వైరు వాటికే వేయాలి.

వచ్చే గ్రామసభలో దీన్ని తీర్మానంగా పెట్టించండి. పాత సీపీయూ ఉన్నవాళ్లు ఈలోగా మీ వార్డు సభ్యుడి దగ్గర పేరు రాయించుకోండి, ఎన్ని మీటర్ల వైరు కావాలో ఇంట్లో కొలుచుకుని మరీ రండి.