పిలుపు ముందా? ప్రేమ ముందా?

భగవత్ప్రేమను గురించి క్రైస్తవ, హైందవ సంప్రదాయాలు ఒకే మాట చెబుతాయనడం పరిపాటి. అది సౌకర్యమైన మాటే కాని, సంపూర్ణ సత్యం కాదు.

లూకా సువార్త 15వ అధ్యాయంలోని కాపరికి నూరు గొర్రెలు. ఒకటి తప్పిపోగా, తక్కిన తొంభైతొమ్మిదింటిని అడవిలో విడిచి దానిని వెదకుతాడు. దొరకగానే భుజాలపై మోసుకొని వస్తాడు. ఆ గొర్రె పిలిచినట్లు కథలో లేదు. తాను తప్పిపోయినట్లు దానికి తెలుసునో లేదో!

పోతన భాగవతం అష్టమ స్కంధంలోని గజేంద్రుడు అలా కాదు. మొసలితో వేయి సంవత్సరాలు పోరాడి, బలం ఉడిగి, దేవుడున్నాడా అని సైతం శంకించి, చివరకు శరణు వేడాడు. ఆ మొర వినగానే విష్ణువు లక్ష్మికైనా చెప్పక, శంఖచక్రాలనైనా ధరించక బయలుదేరాడు. కాపరి లాభనష్టాలు మరచాడు. విష్ణువు వైభవం మరచాడు. అయితే అక్కడ ప్రేమ పిలుపు కంటే ముందు నడిచింది. ఇక్కడ పిలుపు కోసం వేచింది.

అంతమాత్రాన రెండు మతాల నడుమ గీత గీయడం తొందరపాటు. శ్రీవైష్ణవులలోనే ఈ వివాదం ఉంది. తల్లిని కరచుకొని ఉండే కోతిపిల్లవలె జీవుడు ప్రయత్నించాలని వడగలై వారు, తల్లి నోట పట్టుకొనిపోయే పిల్లికూనవలె ఊరకుంటే చాలునని తెంగలై వారు వాదించారు. ఆ పిల్లికూనకు, కాపరి భుజం మీది గొర్రెకు ఎంత దూరం? మరి లూకా అదే అధ్యాయంలో చెప్పిన తప్పిపోయిన కుమారుడు ఆకలికి తాళలేక తనంతట తానే ఇంటిదారి పట్టాడు. గజేంద్రునికి తోబుట్టువు అతడే. ఆ తండ్రి కూడా కొడుకును దూరాననే చూచి, ఎదురు పరుగెత్తాడు.