టోపీ మీదే అసలు సంపాదన

రేటింగ్ ఎలా వచ్చినా నెలాఖరుకి నా అకౌంట్లో జీతం పడుతుంది. గోల్ఫర్‌కి ఆ ధీమా లేదు. మామూలు పీజీఏ టూర్ టోర్నీలో రెండు రౌండ్లాడి కట్ దాటకపోతే ఆ వారం ప్రైజ్ మనీ సున్నా! ఖర్చులు మాత్రం తప్పవు.

మరి కోట్లెక్కడివి? టైగర్ వుడ్స్‌నే చూడండి. 1996లో ఇంకా ఒక్క ప్రో టోర్నీ కూడా గెలవకముందే నైకీ ఐదేళ్లకి దాదాపు 4 కోట్ల డాలర్ల ఒప్పందం రాసిచ్చింది. కెరీర్ మొత్తంలో పీజీఏ టూర్‌లో ఆయన గెల్చుకున్నది సుమారు 12 కోట్ల డాలర్లు. 2022లో ఫోర్బ్స్ ఆయన్ని బిలియనీర్ అంది. ఆ తేడాలో ఎక్కువ భాగం బ్రాండ్లదే.

ఎందుకంటే గోల్ఫ్ చూసేవాళ్లలో డబ్బున్నవాళ్లు ఎక్కువ. ఖరీదైన వాచీలు, కార్లు, బ్యాంకులకి కావాల్సింది వాళ్లే. పైగా షాట్‌కీ షాట్‌కీ మధ్య కెమెరా ఉండేది ఆటగాడి మొహం మీద, అంటే టోపీ మీద! కెరీర్ కూడా పెద్దది. ఫిల్ మికెల్సన్ 50 ఏళ్ల వయసులో, 2021లో మేజర్ గెలిచాడు.

కానీ ఇదంతా పేరున్నవాళ్లకే. కట్ దగ్గరే ఆగిపోయే కుర్రాడికి ప్రైజ్ మనీ రాదు, పెద్ద బ్రాండూ రాదు.

నా లాప్‌టాప్ మీద ఆరు కంపెనీల స్టిక్కర్లున్నాయి. అన్నీ ఫ్రీగానే మోస్తున్నా!