ముదురు చిక్కుడు

మాఘం సగమైంది. పెరట్లో పందిరి మీద చిక్కుడు ముదిరి నార తేలింది. అయితేనేం, గింజలు ఒలిచి వంకాయతో కలిపి కూర చేస్తే లేతకాయకు ఆ రుచి ఎక్కడిది? నాటు చిక్కుడు పగటిపొద్దు కురచబడితేనే పూతకొస్తుంది. అందుకే రథసప్తమినాటికి కాయలు విరగకాసి ఉంటాయి. వాటితోనే రథం కడతాం, ఆ ఆకుల్లోనే పరమాన్నం పెడతాం. సూపర్‌మార్కెట్లో అప్పుడే మామిడికాయ కనబడితే ఆగలేక కొన్నాను. పులుపు లేదు, జీడి వాసన లేదు, ధర మాత్రం ఘాటు. ఉగాది దాకా ఓపిక పట్టాల్సింది. ఈలోగా తినడానికేం తక్కువ? పచ్చిశనగలు, అనపగింజలు, రేగుపళ్లు, సంక్రాంతి వెళ్లాక ఎండబెట్టిన బూడిదగుమ్మడి వడియాలు. బీర, సొర విత్తనాలు నిన్ననే పాదుల్లో నాటాను. ఎలుకలు వదిలిపెడితే వారం పది రోజుల్లో మొలుస్తాయి.