ఫుట్‌బాల్ మనది కాదన్నదెవరు?

మొన్న మదనపల్లెలో ఒక బడి ఆటల పోటీల బహుమతుల సభలో ఓ పెద్దమనిషి మైకు పట్టుకుని, "ఫుట్‌బాల్ మన తెలుగోళ్ళ ఆట కాదు. అది బెంగాలోళ్ళది, గోవావాళ్ళది, కేరళోళ్ళది. అంత మోజుంటే పిల్లోణ్ణి బెంగుళూరు కోచింగుకు పంపండి" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. కప్పు అందుకోవడానికి వరసలో నిలబడిన పిల్లలూ కొట్టారు. నాకు ఒళ్ళు మండింది అక్కడే.

1951లో ఢిల్లీలో, 1962లో జకార్తాలో ఆసియా క్రీడల బంగారు పతకం తెచ్చిన జట్లను తయారుచేసింది సయ్యద్ అబ్దుల్ రహీం. హైదరాబాదువాడు, కాచిగూడ, చాదర్‌ఘాట్ బళ్ళలో పాఠాలు చెప్పిన పంతులు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఇండియా నాలుగో స్థానంలో నిలిచింది ఆయన చేతిమీదుగానే. ఆయన దిద్దిన హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు రోవర్స్ కప్పు గెలిచింది. సికిందరాబాదు పక్క అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాంను కలకత్తా ఈస్ట్ బెంగాల్ క్లబ్బు పిలిచి తీసుకుపోయింది. మన దగ్గర ఆట నేర్చినవాళ్ళను తీసుకెళ్ళి ఆడించుకున్నవాళ్ళది ఆట అయింది, నేర్పిన మనది కాకుండా పోయింది!

రహీం ఒక పోటీ నడిపేవాడు. అందులో ఎవరూ తమకు అలవాటైన కాలితో బంతి తన్నకూడదు. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమకాలితోనే ఆడాలి. ఆ కాలు లొంగేదాకా అదే సాధన. దీనికి విదేశీ నిపుణుడు కావాలా? ఒక బంతి, కాస్త నేల, పట్టు వదలని పంతులు చాలు.

"వాళ్ళు హైదరాబాదీలు, ఉర్దూవాళ్ళు, తెలుగువాళ్ళెలా అవుతారు?" అని సభ అయ్యాక ఒకాయన నాతో వాదానికి దిగాడు. పెద్దమనిషి మాటకంటే ఈ మాటకే నాకు ఎక్కువ కోపం. మదనపల్లెలోగానీ పుంగనూరులోగానీ ఉర్దూ చెవిన పడకుండా బజారు దాటి రాగలమా? కుప్పంలో ఒక్క అంగట్లోనే తెలుగు, తమిళం, కన్నడం మూడూ నడుస్తాయి. పక్కింటివాణ్ణి పరాయివాణ్ణి చేసి, ఆ తర్వాత మనకు ఆటగాళ్ళే లేరని ఏడిస్తే తప్పెవరిది?

రహీం కొడుకు సయ్యద్ షాహిద్ హకీం మిడ్‌ఫీల్డర్. 1960 రోమ్ ఒలింపిక్స్ జట్టులో ఉన్నాడు, కోచ్ కన్నతండ్రే. అయినా ఒక్క మ్యాచిలోనూ మైదానంలోకి దిగలేదు. కొడుకని తండ్రి దింపలేదు, దింపలేదని కొడుకు ఆట వదల్లేదు. వైమానిక దళంలో స్క్వాడ్రన్ లీడర్ అయ్యాడు, అంతర్జాతీయ రెఫరీ అయ్యాడు, 1982 ఢిల్లీ ఆసియా క్రీడల్లో పి.కె. బెనర్జీకి సహాయ కోచ్‌గా నిలబడ్డాడు, మహీంద్రా, సాల్గావ్‌కర్ జట్లకు ఆట నేర్పాడు. ధ్యాన్‌చంద్ అవార్డు 2017లోగానీ రాలేదు. 2021 ఆగస్టులో గుల్బర్గాలో కన్నుమూశాడు. మన బళ్ళలో ఒక్క పిల్లవాడికైనా ఆ పేరు చెప్పామా? ఒలింపిక్స్‌లో ఆడనివాడు ఏం నేర్పుతాడని అడిగేవాళ్ళున్నారు. మైదానం నడుమ ఆడేవాడికి ముందూ వెనకా రెండూ కనబడతాయి. బెంచీ మీద కూర్చుని చూసినవాడికి ఇంకా బాగా కనబడతాయి.

సొంత ఆటగాణ్ణి కోచ్‌గా నమ్మడం మెక్సికోను చూసి నేర్చుకోవాలి. 1986 ప్రపంచకప్‌లో మిడ్‌ఫీల్డర్‌గా ఆడిన హావియెర్ అగిర్రేను మెక్సికో 2002లో, 2010లో కోచ్‌గా పెట్టుకుంది. రెండుసార్లూ నాకౌట్ తొలి మ్యాచిలోనే ఓడింది. అయినా 2024లో మళ్ళీ పిలిచింది. అదీ సొంత మనిషి మీద నమ్మకమంటే! మనమేమో 2006 నుంచి, మధ్యలో కొద్దికాలం తప్ప, హౌటన్, కొవర్‌మాన్స్, కాన్‌స్టంటైన్, స్టిమాచ్, మార్క్వెజ్ అంటూ విదేశీ కోచ్‌ల వెంటే పడ్డాం. 2025లోగానీ మనవాడైన ఖాలిద్ జమీల్ కోచ్‌గా మన కంటికి ఆనలేదు. ఆయనా మిడ్‌ఫీల్డరే.

అసలు రోగం బళ్ళలో ఉంది. డ్రిల్ పీరియడ్ గంట కొట్టగానే లెక్కల సారు సిలబస్ కాలేదని లోపలికొస్తాడు. డ్రిల్ సారేమో మధ్యాహ్న భోజనం దగ్గర పిల్లల్ని వరసలో నిలబెడుతుంటాడు. బంతి హెడ్‌మాస్టరు గదిలో బీరువా పైన గాలి పోయి, దుమ్ము పట్టి పడి ఉంటుంది. పంపు ఉంటే సూది ఉండదు, సూది దొరికితే తాళంచెవి ఉన్న మనిషి సెలవులో ఉంటాడు. పదో తరగతి పిల్లలకైతే ఆటల ఊసే లేదు. ప్రైవేటు బళ్ళలో మూడంతస్తుల మేడ మీద రేకుల షెడ్డు వేసి, అదే ఆటస్థలమంటారు. ఫీజు కట్టే తల్లిదండ్రులు ర్యాంకు అడుగుతారే తప్ప నేల ఏదని అడగరు. నారు పోయని మడి గట్టున నిలబడి ఈ నేలలో పంట పండదని తీర్పు చెప్పినట్టుంది మన వరస.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం బళ్ళ మధ్య ఏటా ఒక లీగ్ పెట్టాలి. కాలేజీకో, పోలీసుకో, రైల్వేకో, సైన్యానికో ఆడి ఇల్లు చేరినవాళ్ళను వెతికి పట్టుకుని, చేతికి విజిల్ ఇచ్చి, నెలనెలా జీతమివ్వాలి. డబ్బు లేదనే మాట నేను ఒప్పుకోను. నాయకుడి పుట్టినరోజుకు కూడలి కూడలికీ ఫ్లెక్సీ కట్టే ఊళ్ళివి. హెడ్‌మాస్టర్లు ముందు ఆ బంతికి గాలి కొట్టించి, డ్రిల్ పీరియడ్‌ను డ్రిల్ సారుకే వదిలేయాలి. కోచ్‌ల జీతం సంగతి ఎమ్మెల్యేలను మేం అడుగుతాం.