వేషాలేద్దాం రండి!

తెలుగులో ‘వేషం’ అనే మాటకు పాపం చాలా అన్యాయం జరిగింది. క్లాసులో కాస్త అల్లరి చేస్తే ‘వేషాలెయ్యకు’ అంటారు. అన్నం తినకుండా మారాం చేస్తే ‘ఏంటా వేషాలు?’ అంటారు. లీవు కోసం లేని జ్వరం తెచ్చుకుంటే ‘వీడి వేషాలు నాకు తెలీవా’ అంటాడు మేనేజర్. ఎక్కడ విన్నా తిట్టే.

అసలైతే మన దగ్గర వేషం అంటే పండగ. తిరుపతి గంగమ్మ జాతరే చూడండి. మే నెలలో జరిగే ఆ జాతరలో బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం... ఇలా రోజుకో రకం వేషంతో జనం గుడికి వస్తారు. మీసాలున్న మగవాళ్లు కూడా శుభ్రంగా చీరలు కట్టి, పూలు పెట్టి బయల్దేరతారు. 2024లో వచ్చిన ‘పుష్ప 2’లో అల్లు అర్జున్ చీర కట్టి ఆడాడే, అది ఈ జాతర నేపథ్యమే. ఇక పగటివేషగాళ్ల అర్ధనారీశ్వర వేషమైతే మరీ అద్భుతం. ఒకే మనిషి సగం శివుడు, సగం పార్వతి. చేతిలో ఒక గుడ్డ పట్టుకుని సగం మొహం దాస్తూ, ఇటు తిరిగితే ఆయన, అటు తిరిగితే ఆవిడ. ఏ స్పెషల్ ఎఫెక్టూ లేదు. గుడ్డ, రంగు, ఒక ఐడియా అంతే.

మరి మనం? ఐదో తరగతి ఫ్యాన్సీ డ్రెస్ పోటీతో మన వేషాల కెరీర్ ఖతం. ఆ తర్వాత వేషం అంటే యాప్ తెరిచి ఆర్డర్ పెట్టడం, లేదంటే షాపులో అద్దెకు తేవడం.

సంక్రాంతి ముందు మా ఆఫీసులో ఒక మెయిల్ వచ్చింది. థీమ్ ‘మన ఊరి వేషం’. పది రోజుల టైమ్. మా టీమ్ గ్రూప్‌లో పది నిమిషాల్లో మూడు అద్దె షాపుల లొకేషన్లు పడ్డాయి. నేనూ ఫోన్ చేశాను. రాజు వేషం, కృష్ణుడి వేషం, అల్లూరి వేషం ఉన్నాయట. రోజుకు పద్దెనిమిది వందలు, పైన డిపాజిట్. ‘సైజు కొంచెం అటూ ఇటూ ఉంటది సార్, పిన్నీసు పెట్టుకోండి’ అన్నాడు.

పిన్నీసు ఎలాగూ తప్పనప్పుడు, వేషం కూడా మనమే చేసుకుంటే పోలా అనిపించింది.

ఏం వేషం? నాకు వెంటనే తట్టింది తుపాకి రాముడు. ఆంధ్రా వైపు ఫ్రెండ్స్‌కు పిట్టలదొర అంటే తెలుస్తుంది. ఖాకీ బట్టలు, నెత్తిన దొర టోపీ, భుజాన చెక్క తుపాకి వేసుకుని ఇంటింటికీ వచ్చి, గుక్క తిప్పుకోకుండా కోతలు కోసి నవ్వించే జానపద కళాకారుడు. లేని ఆస్తులు, చెయ్యని యుద్ధాలు, కొట్టని పులులు అన్నీ ఆయన ఖాతాలోనే. రోజూ స్టాండప్ మీటింగుల్లో మేం చేసేదీ దాదాపు అదే కాబట్టి, ఇంతకంటే సరిపోయే వేషం మాకు ఇంకోటి లేదు!

ముందు కాగితం మీద ఒక లిస్ట్ రాశాను. పదడుగుల దూరం నుంచి చూసినా ‘అదిగో తుపాకి రాముడు’ అనాలంటే ఏమేం ఉండాలి? టోపీ, తుపాకి, ఛాతీ మీద పతకాలు. మూడే. మిగతావి ఉంటే మంచిది, లేకపోతే నష్టం లేదు. మీరు ఏ వేషం చేసినా ఇక్కడే మొదలుపెట్టండి. ‘మాయాబజార్’ ఘటోత్కచుడి గద భుజాన పెట్టుకుంటే, కింద జీన్స్ ఉన్నా ఎవరూ పట్టించుకోరు. గుర్తుపట్టించే ఆ రెండు మూడు వస్తువుల మీద టైమ్ పెట్టి, మిగతాది బీరువాలో ఉన్నదానితో లాగించేయాలి.

సామాన్లంటారా, మన ఇళ్లలో అట్టపెట్టెలకు కొదవా? టోపీ కోసం ఒక పెట్టె విప్పాను. అట్ట లోపల సన్నటి గొట్టాల్లా వరసలుంటాయి. చాప చుట్టినప్పుడు ఈనెలు నిటారుగా ఉంటాయే, అలా ఆ వరసలు నిలువుగా ఉండేట్టు చుడితే అట్ట గుండ్రంగా వంగుతుంది. అడ్డంగా వంచితే మడతపడి విరుగుతుంది. తుపాకి గొట్టానికి క్యాలెండర్ వచ్చిన అట్ట గొట్టం. మడమకు అట్టముక్కలే నాలుగు పొరలు. ట్రిగ్గర్‌గా పాత మౌస్, తోకలా వేలాడే వైరుతో సహా. కొసకు ఒక చిన్న ఎర్ర ఎల్‌ఈడీ, మూడు వోల్టుల బిళ్ల బ్యాటరీ. నేను మారిన కంపెనీల ఐడీ కార్డు తాళ్లు ఇంట్లో పడున్నాయి కదా, అవి కత్తిరిస్తే పతకాల రిబ్బన్లు. పతకాలు కూల్‌డ్రింక్ మూతలు. కోటుకు నాన్న ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసినప్పటి పాత ఖాకీ చొక్కా. అడిగితే, ‘గుండీలు జాగ్రత్త’ అని మాత్రం అన్నారు.

ఇదంతా హాల్లో పరిచి కూర్చుంటే అమ్మ వచ్చింది.

‘ఏంది బిడ్డా, ఇల్లంత గీ అట్టలు?’

చెప్పాను. కాసేపు నిలబడి చూసింది. టోపీ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, ‘తుపాకి రామునికి గింత సక్కటి టోపీ ఏడిదిరా? కొంచెం వంకర ఉండాలె’ అంది. తర్వాత మూలకు వెళ్లి, కుట్టుమిషన్ మీద కప్పిన దుప్పటి తీసింది.

ఇక్కడ మా అమ్మ గురించి కొంచెం చెప్పాలి. మిర్యాలగూడలో మా ఇంటికి బోర్డేమీ లేదు కానీ, మా వీధిలో అందరి జాకెట్లూ అమ్మే కుట్టేది. జాకెట్టుకు ముప్పై రూపాయలు తీసుకున్న రోజుల నుంచి మొదలుపెట్టి ఇరవై ఐదేళ్లు. దసరాకు, పెళ్లిళ్ల సీజన్‌కు రాత్రి రెండింటిదాకా మిషన్ చప్పుడు వింటూ నిద్రపోయేవాణ్ని. నా ఇంజినీరింగ్‌కు రీయింబర్స్‌మెంట్ పోను మిగిలిన ఖర్చంతా ఆ మిషనే కట్టింది. రెండేళ్ల కింద అమ్మానాన్నలను హైదరాబాద్ తెచ్చుకున్నప్పుడు ‘ఇక కుట్టకు, కళ్లు పాడవుతాయి’ అన్నాను. తనూ సరే అంది. మిషన్ మీద దుప్పటి, దాని మీద పూలకుండీ.

ఆ రాత్రి ఆ కుండీ కిందికి దిగింది. ఖాకీ చొక్కాకు పాత కర్టెన్ గుడ్డతో తోకలు కలిపింది. భుజాల మీద దొరతనం రావాలని చిరిగిన పట్టుచీర అంచు తెచ్చి వేసింది. టోపీ అంచుకు గుడ్డ తొడగడం నావల్ల కావడం లేదు, ముడతలు పడుతోంది. అమ్మ గుడ్డను ఏటవాలుగా కత్తిరించి పట్టీ తీసింది. ‘క్రాస్ పట్టీ సాగుతది. నిలువు పట్టీ సాగదు. వంపు కాడ క్రాసే పెట్టాలె’ అంది. లోపలివైపు చిన్న చిన్న గాట్లు పెట్టింది. ముడత మాయం. అట్టకు వరసలున్నట్టే గుడ్డకు పోగులుంటాయి, ఏ దిక్కున వంగుతుందో, ఏ దిక్కున సాగుతుందో తెలియాలి. నేను ఆ సాయంత్రం కనిపెట్టానని మురిసిపోతున్న సంగతి అమ్మ చేతులకు ఇరవై ఐదేళ్లుగా తెలుసు.

పని అవుతుంటే మధ్యలో తనలో తనే నవ్వుకుంటోంది. ఏంటమ్మా అంటే, ‘గిన్నేండ్లు కుట్టిన గానీ, నవ్వుకుంట ఒక్కటి కుట్టలే. అన్నీ అర్జెంటే’ అంది.

నేనేం మాట్లాడలేకపోయాను. పతకాలకు ఫెవికాల్ రాస్తూ కూర్చున్నాను.

ఇలాంటి వేషాల కథలో కుట్టినవాళ్లు వెనక్కి పోవడం కొత్తేం కాదు. 1939లో న్యూయార్క్‌లో మొదటి ప్రపంచ సైన్స్ ఫిక్షన్ సమావేశం జరిగింది. దానికి ఫారెస్ట్ జె. అకర్‌మన్ అనే అభిమాని, ఆయన స్నేహితురాలు మిర్టిల్ డగ్లస్ భవిష్యత్తు మనుషుల్లా దుస్తులేసుకుని వెళ్లారు. 1936లో వచ్చిన ‘థింగ్స్ టు కమ్’ సినిమా స్ఫూర్తి. చాలాకాలం ఆ కథలో అకర్‌మన్ పేరే ముందు వినిపించేది. రెండు డ్రెస్సులూ డిజైన్ చేసి కుట్టింది మాత్రం మిర్టిల్. ఇవాళ ఆమెను కాస్‌ప్లేకు అమ్మ అంటున్నారు. ‘కాస్‌ప్లే’ అన్న పేరు 1980లలో జపాన్‌లో పుట్టింది. కాస్ట్యూమ్, ప్లే కలిపితే కాస్‌ప్లే. ఇప్పుడు మన హైదరాబాద్ కామిక్ కాన్‌లో కూడా అదే సందడి. అందులో రెండో మాటను గమనించండి, ప్లే. ఆట.

ఇక ఆఫీసులో ఏమైందంటారా? స్టేజీ ఎక్కి మౌస్ నొక్కాను. ఎర్ర లైటు వెలిగింది. ‘నిన్న రాత్రి ప్రొడక్షన్ అడవిలకు ఒంటరిగ పోయిన! ఒక్క క్లిక్కుకు నూటెనిమిది బగ్గులు రాలినయ్, అండ్ల సగం ఇంకా పుట్టనే లేదు! మా తాత సర్వర్ మీద మబ్బులు వాలితేనే క్లౌడ్ అని పేరొచ్చింది!’ అని అందుకున్నాను. జనం పడీ పడీ నవ్వారు. ఫస్ట్ ప్రైజ్ మాత్రం అద్దెకొచ్చిన శ్రీకృష్ణదేవరాయలికి పోయింది. సరే, ఆయన చక్రవర్తి కదా! నాకు మొత్తం అయిన ఖర్చు రెండొందల పది రూపాయలు.

అసలు సంగతి ఆ తర్వాత మొదలైంది. మా పై ఫ్లోర్‌లో రెండో క్లాసు పాప ఉంది. స్కూల్లో ఫ్యాన్సీ డ్రెస్ అట. ‘నేను ఇడ్లీ అవుతా’ అని పట్టుబట్టింది. వాళ్లమ్మ తల పట్టుకుంటే, మా అమ్మ పాత దిండులో దూది తీసి, తెల్ల పంచె ముక్కతో ఇడ్లీ కుట్టింది. ఆకుపచ్చ చీర ముక్కతో అరిటాకు. నెత్తిన చట్నీ గిన్నె. పాప అద్దంలో చూసుకుని, ‘కొంచెం కారప్పొడి కూడా’ అంది. ఎర్ర లైనింగ్ గుడ్డ చిన్న చిన్న ముక్కలై రాలింది.

ఈ ఫోటోలు చూసి మా కొలీగ్ ఒకడు హుషారైపోయాడు. ‘బ్రో, ఆంటీ పేరు మీద ఇన్‌స్టా పేజీ పెడదాం. ఆర్డర్లు తీసుకుందాం. స్కూళ్లన్నీ మనవే’ అన్నాడు. వాడి తప్పేం లేదు. మన తరానికి అదొక అలవాటైపోయింది. కేక్ బాగా చేస్తే ‘బిజినెస్ పెట్టు’, బొమ్మ బాగా గీస్తే ‘అమ్ము’, పాట బాగా పాడితే ‘ఛానల్ పెట్టు’. నాకూ ఐడియా బాగానే అనిపించి అమ్మతో చెప్పాను.

మిషన్ చక్రానికి నూనె వేస్తోంది. తల కూడా ఎత్తకుండా అంది: ‘వద్దు బిడ్డా. పైసలు తీస్కుంటే మళ్ల అర్జెంటైతది.’

నేను ఈ కాలమ్ రాసిందే ఆ మాట మీ చెవిన వేద్దామని. డబ్బు అవసరమైనవాళ్లు చేతిపని అమ్ముకోవాలి, అమ్మ ఇరవై ఐదేళ్లు అదే చేసింది. కానీ అవసరం తీరాక కూడా ప్రతి సరదాకూ రేటు కట్టక్కర్లేదు. డెడ్‌లైన్ లేని, రివ్యూ లేని, ఎవరికీ డెలివరీ చెయ్యక్కర్లేని పని వారానికి ఒక్కటైనా చేతిలో ఉండాలి. స్క్రీన్ మీద రోజంతా పనిచేసే మనకైతే మరీ.

మొదలెట్టాలంటే కొన్ని చిట్కాలు. థర్మాకోల్ మీద గ్లూ గన్ వాడొద్దు, వేడికి కరిగిపోతుంది. ఫెవికాల్ రాసి రాత్రంతా వదిలేయండి. కవచాలు, కిరీటాల్లాంటి వాటికి పాత యోగా మ్యాట్ బాగా పనికొస్తుంది. వేసుకుని కూర్చోగలమా, నీళ్లు తాగగలమా, తలుపులోంచి పడతామా అన్నది ముందే ఒకసారి చూసుకోండి. పిల్లల వేషాలను దీపాలకు దూరంగా ఉంచండి. ఇంకోమాట. స్కూలు పోటీల్లో ఇప్పటికీ బిచ్చగాడి వేషం వేయిస్తుంటారు. ఒకరి లేమిని మనకు చప్పట్లు తెచ్చే సరుకు చేసుకోవద్దు. నవ్వించడానికి ఇడ్లీలు, ట్రాఫిక్ సిగ్నళ్లు, వైఫై రౌటర్లు బోలెడున్నాయి.

ఐడియాలు కావాలంటే థాయ్‌లాండ్ కుర్రాడు అనూచా చేసిన ‘లో కాస్ట్ కాస్‌ప్లే’ ఫోటోలు చూడండి. వంటింట్లో, ఇంట్లో దొరికే వస్తువులతోనే సినిమా, కార్టూన్ పాత్రలైపోతాడు. చూసి నవ్వుకున్నాక, మీ వంటింట్లోకి ఒకసారి వెళ్లి చుట్టూ చూడండి. జల్లెడ, చీపురు, అప్పడాల కర్ర... ఏది ఏమవుతుందో ఆలోచించండి. ఇంట్లో పెద్దవాళ్లను తప్పకుండా పిలవండి. మీకు రానిది వాళ్ల చేతుల్లో ఉంటుంది.

మా ఇంట్లో తర్వాతి వేషం ఇంకా ఖరారు కాలేదు. నేను పాత డబ్బా ఫోన్ అంటున్నాను. అమ్మ ప్రెషర్ కుక్కర్ అంటోంది. కుట్టడం తన వంతట, మూడు విజిళ్లు ఎలా కొట్టించాలన్నది ఇంజినీరు పనట.