ఏ పరీక్ష కష్టం? ఎవరికి కష్టం?

ఇంటర్ ఫలితాలు వచ్చే రోజుల్లో మా ఉక్కునగరంలో ఏ సెక్టారుకి వెళ్లినా ఒకటే చర్చ. ఎంసెట్ కష్టమా, నీట్ కష్టమా, జేఈఈ కష్టమా? సమాజశాస్త్రం చదివినదాన్ని కనుక నాకు మరో ప్రశ్న తోస్తుంది. కష్టం ఎవరికి?

ముందు పరీక్షల సంగతి చూద్దాం. మన రాష్ట్రంలో 2021లో ఈఏపీసెట్‌గా మారిన ఎంసెట్‌లో మూడు గంటల్లో 160 ప్రశ్నలకు జవాబివ్వాలి. తప్పు రాస్తే మార్కు పోదు. ఇంటర్ పుస్తకాలు బాగా చదివి, వేగం అలవరచుకుంటే గట్టెక్కవచ్చు. నీట్‌లో తప్పుకి కోత ఉంది. సీటు రాకపోతే ‘లాంగ్‌టర్మ్’ పేరుతో ఇంకో ఏడాది. జేఈఈ అడ్వాన్స్‌డ్‌కి వరుసగా రెండేళ్లలో రెండే అవకాశాలు. దానికోసం హైస్కూలు నుంచే ఫౌండేషన్ కోర్సుల్లో వేస్తున్నారు.

అంటే కష్టం ప్రశ్నల్లోనే లేదు. ఒక బిడ్డ మీద ఇల్లు ఎన్నేళ్లు, ఎంత డబ్బు, ఎంత నమ్మకం పెట్టాలన్న దానిలో ఉంది.

అగనంపూడి నిర్వాసిత కాలనీలో ఒక తల్లి కొడుకుని కోచింగ్ హాస్టల్లో పెట్టింది. పదిలో అతనికంటే ఎక్కువ మార్కులొచ్చిన కూతురి మాటెత్తితే, ‘‘ఆడపిల్లకి ఎంసెట్ చాల్దా అమ్మా? ఇంటికాడుండే చదువుకుంటాది’’ అంది. ఆ పిల్ల నీళ్లు పట్టి, అన్నం వార్చి, అప్పుడు పుస్తకం తీస్తుంది. తల్లిని తప్పుపట్టలేను. భర్తది కాంట్రాక్టు పని. ఇద్దరి ఫీజులు కట్టలేరు. కానీ ఒక్కరికే కట్టగలిగినప్పుడు ఆ ఒక్కరు ఎప్పుడూ కొడుకే ఎందుకవుతాడు?

2016లో ఐఐటీల్లో చేరినవారిలో అమ్మాయిలు పదో వంతు కూడా లేరు. 2018 నుంచి వారికి అదనపు సీట్లు కల్పించాక సుమారు అయిదో వంతుకి చేరారు. పదో తరగతి మార్కులతో సీటూ హాస్టలూ ఇచ్చే మన ట్రిపుల్ ఐటీల జాబితాల్లో ఇటీవల అమ్మాయిలే ఎక్కువ. నీట్ రాసేవారిలోనూ సగానికి పైగా వాళ్లే. డాక్టరు చదువు ఆడపిల్లకి ‘తగినదే’నని కుటుంబం ఒప్పుకుంది మరి! ఇక తెలివి లేదన్న వాదన ఎక్కడ నిలుస్తుంది?

ఈఏపీసెట్ ర్యాంకులో ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉంది. ఇంట్లో ఉండి రెండేళ్లు పడిన శ్రమకు దక్కే విలువ అది. తెలంగాణ 2023లో దాన్ని ఎత్తేసింది. అప్పుడు మన సంఘాల్లో ఎన్ని మాట్లాడాయి? వరకట్నం మీద, గృహహింస మీద కదిలిన మనం ప్రవేశ పరీక్షల్ని పిల్లల చదువుల వ్యవహారమని వదిలేశాం. ప్రభుత్వ జూనియర్ కళాశాలల్లో అమ్మాయిలకు హాస్టల్‌తో సహా ఉచిత శిక్షణ కావాలని అడగాలి. మన వాడల్లో ఏ ఇంటి నుంచి ఎవరు కోచింగ్‌కి వెళ్లారో, ఎవరు ఆగిపోయారో మనమే లెక్క తీయాలి.

ఆ లెక్క మన సొంత ఇళ్ల నుంచే మొదలుపెడదామా?