"వాడికి తగిన శాస్తి జరిగింది" అనకండి

కేట్ షోపెన్ రాసిన 'దేజిరేస్ బేబీ' కథ చదివినవాళ్ళలో చాలామంది చివర్లో అనే మాట ఒకటే: "వాడికి తగిన శాస్తి జరిగింది." ఆ మాటే నాకు మింగుడుపడదు.

1893లో అమెరికాలో అచ్చయిన కథ ఇది. జరిగేది లూసియానాలో, బానిసత్వం ఉన్న రోజుల్లో. రాతి స్తంభం నీడలో దొరికిన పాపను ఒక తెల్లవాళ్ళ కుటుంబం పెంచుకుంటుంది. పెద్దయ్యాక అర్మాన్ ఆమెను ఇష్టపడతాడు. పుట్టుక తెలియకపోతేనేం, నా ఇంటిపేరు ఇస్తాగా అని పెళ్ళి చేసుకుంటాడు. పారిస్ నుంచి సారె తెప్పిస్తాడు. బిడ్డకు మూడో నెల వచ్చేసరికి నల్లజాతి పోలిక బయటపడుతుంది. అంతే, లోపం ఆమెదేనని తేల్చేస్తాడు. నా చెయ్యి నీ చేతికన్నా తెల్లగా ఉంది చూడమన్నా వినడు. బిడ్డనెత్తుకుని బయటికి నడిచిన ఆ పిల్ల మళ్ళీ రాదు. ఆ తర్వాత ఊయల, పట్టుబట్టలు, పసివాడి బట్టలు అన్నీ మంటలో వేయిస్తాడు. ఆమె ఉత్తరాలున్న సొరుగులోనే వాళ్ళమ్మ రాసిన పాత ఉత్తరం ముక్క దొరుకుతుంది. నల్లజాతి అతని తల్లిదే.

ఇందులో వస్తువుల్ని చూడండి. ఇంటిపేరు అతనిచ్చింది, కాబట్టి వెనక్కి తీసుకోగలిగాడు. సారె అతను తెప్పించింది, కాబట్టి కాల్చగలిగాడు. ఊయల వాళ్ళిద్దరి బిడ్డది, అదీ కాలిపోయింది. ఆమె చేతి రంగు అందరి కళ్ళముందూ ఉంది, అది సాక్ష్యం కాలేదు. మగవాడి సొరుగు మాత్రం ఎవరూ వెతకలేదు.

ఇప్పుడు శాస్తి మాటకొద్దాం. నల్ల రక్తం ఉండటం శిక్ష అని ఒప్పుకుంటేనే కదా అది శాస్తి అయ్యేది! అంటే అర్మాన్ నమ్మినదాన్నే మనమూ నమ్మినట్టు. సరే, ఆ ఉత్తరం దొరక్కపోతే? ఆమె నిజంగానే ఆ జాతి పిల్ల అయితే? గెంటెయ్యడం న్యాయమేనా?

ఇది అమెరికా గొడవ, మనకెందుకు అనుకుంటున్నారా? 2016 జనవరి 17న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేముల ప్రాణం తీసుకున్నాడు. వాళ్ళమ్మ రాధిక చెప్పేది ఇదీ: తాను పుట్టింది మాల కులంలో, పెరిగింది వడ్డెర ఇంట్లో, పెళ్ళయిందీ వడ్డెరవాళ్ళతోనే. భర్తకు దూరమై, కుట్టుమిషన్ తొక్కి పిల్లల్ని చదివించిందామె. కొడుకు పోయాక లోకం అడిగిందేమిటి? పిల్లాడు ఎందుకు పోయాడని కాదు, కుల సర్టిఫికెట్ నిజమైందా కాదా అని! 2024లో పోలీసుల నివేదిక కూడా అతను దళితుడు కాడనే చెప్పింది. తండ్రి కులమే బిడ్డ కులమని గుడ్డిగా తేల్చకూడదు, ఎవరి దగ్గర ఎలా పెరిగాడో చూడాలని సుప్రీంకోర్టు 2012లోనే చెప్పింది. అయినా కుట్టుమిషన్ ఎవరికీ సాక్ష్యంగా కనిపించలేదు. ఆ కాగితం ఒక్కటే కనిపించింది.

మన తుక్కుగూడ సంగతే చూడండి. ఔటర్ రింగ్ రోడ్డు వచ్చింది, ఎయిర్‌పోర్టు పక్కనే, ఎక్కడెక్కడివాళ్ళో వచ్చి కొత్త ఫ్లాట్లలో చేరుతున్నారు. టు లెట్ బోర్డు చూసి వచ్చినవాళ్ళని ఇంటిపేరెందుకు అడుగుతాం? అద్దె చీటీ మీద రాయడానికా? కాదు, "మనోళ్ళేనా" అని తెలుసుకోడానికి. కడుపుతో ఉన్న పిల్లకు కుంకుమపువ్వు పాలు ఎందుకు తాగిస్తాం? బిడ్డ నల్లగా పుడితే "అమ్మవైపు పోలిక" అని ముందు అనేదెవరు? మనమే, ఆడవాళ్ళమే.

ఆ సొరుగు తాళంచెవి మన కొంగుకే ఉంది. అర్మాన్‌ని తిట్టడం తేలిక. రేపు ఇల్లు అడగడానికి వచ్చిన అమ్మాయిని అద్దె ఎంత ఇస్తావని అడిగి, అక్కడితో ఆగగలరేమో చూడండి.